సేవ చేయించండి, ఫైలు కోసం మాత్రం కాదు

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి. బాగా చదువుతుంది కానీ నెమ్మదస్తురాలు, నలుగురిలో కలవదు. క్లాసులో ఒకమ్మాయి అప్పుడే సొంత ఫౌండేషన్ పెట్టింది, ఇంకో అబ్బాయి సెలవుల్లో వేరే దేశంలో రెండు వారాలు సేవ చేసి వచ్చాడు. ఒక కన్సల్టెంట్, పాప పేరు మీద సంస్థ, వెబ్‌సైట్, సర్టిఫికెట్లు అన్నీ తామే చూసుకుంటామంటున్నారు. స్కూల్లో వారానికి రెండు గంటల సేవా క్లబ్ కూడా ఉంది. ఏది మేలు? లేక ఆ టైమ్ కూడా చదువుకే పెట్టాలా?

జవాబు: అమ్మా, మీ పాప గురించి రాసినదానికంటే పక్క పిల్లల గురించి రాసిందే ఎక్కువ. పాపకి ఏ పని ఇష్టమో, తనేమంటోందో ఒక్క ముక్క లేదు. ఫౌండేషన్ మేలా క్లబ్ మేలా అన్నది పైకి కనిపించే ప్రశ్న, లోపలున్నది "మా పిల్ల వెనకబడిపోతోందా" అన్న భయం. నాకొచ్చే ఉత్తరాల్లో సగం ఇదే భయం, పేర్లే మారతాయి. వెనకబడలేదు. తొమ్మిదో తరగతిలో సొంత సంస్థ లేకపోవడం లోటు కాదు, మామూలు సంగతి.

ముందు లెక్క తేల్చుకుందాం. మార్కులు, ఎంట్రన్స్ ర్యాంకు చూసి సీటిచ్చే చోట మామూలుగా సేవకి మార్కులేమీ కలవవు, ఎవరెంత ఊరించినా సరే. అడిగే చోట ఎలా అడుగుతారో చూడండి. అమెరికాలో చాలా యూనివర్సిటీలు తీసుకునే కామన్ యాప్ అనే దరఖాస్తులో చదువు బయట చేసే పనులకి మొత్తం పది గళ్లుంటాయి, ఒక్కో పనిని 150 అక్షరాల్లో చెప్పాలి, పక్కనే వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని విడిగా రాయాలి. అక్కడ రెండు వారాల యాత్ర రెండు వారాలుగానే కనిపిస్తుంది, ఎంత ఖర్చుపెట్టినా. ఇంట్లో ముసలివాళ్లనో తమ్ముణ్ణో చూసుకునే పిల్లలకి "కుటుంబ బాధ్యతలు" అని ఒక విభాగమే ఉంది అందులో. ఇది తల్లిదండ్రులెవరికీ తెలియదు, కన్సల్టెంట్లు చెప్పరు, ఎందుకంటే అందులో వాళ్లకి ఫీజు రాదు! 2016లో హార్వర్డ్ ఎడ్యుకేషన్ స్కూల్ నుంచి అడ్మిషన్ల మీద ఒక నివేదిక వచ్చింది. చాలా కాలేజీల అడ్మిషన్ అధికారులు దానికి మద్దతు తెలిపారు. అందులోనూ ఇదే మాట: దూరదేశాల ఆర్భాటం కాదు, కనీసం ఏడాదిపాటు నిలకడగా చేసింది చూడండి, ఇంటికి చేసింది కూడా లెక్కలోకి తీసుకోండి అని.

ఇక ఫౌండేషన్ సంగతి. పద్నాలుగేళ్ల పిల్లకి చైర్‌పర్సన్ హోదా ఎందుకమ్మా? వెబ్‌సైట్ వాళ్లు రాస్తారు, ఫొటోలు వాళ్లు తీయిస్తారు, పాప వెళ్లి బ్యానర్ పక్కన నిలబడుతుంది. రేపు ఇంటర్వ్యూలో ఎవరో "మీ సంస్థలో ఏ పని చెడింది, ఎలా సరిచేశావు" అని అడిగితే ఏం చెబుతుంది పాపం. నిజంగా పని చేసిన పిల్లలు ఈ ప్రశ్నకి ఆపకుండా చెబుతారు, ఎందుకంటే చెడేవి బోలెడు. అంతకంటే నాకు బాధ కలిగించేది, నలుగురిలో కలవని పిల్లని అందరి ముందూ నాయకురాలిగా నటించమనడం. చదువులో దొంగతనం చేయకూడదని మీరే నేర్పుతారు, ఇక్కడేమో చేయని పని చేసినట్టు చూపించమంటున్నారు, పిల్లలకి ఇది అర్థం కాదనుకోకండి.

విదేశీ సేవా యాత్రల మీదా నాకు నమ్మకం లేదు. ముఖ్యంగా అనాథాశ్రమాలకి తీసుకెళ్లేవి. అక్కడున్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారని, సందర్శకుల డబ్బు కోసం పిల్లల్ని ఇళ్ల నుంచి తెచ్చి పెట్టే చోట్లున్నాయని పిల్లల హక్కుల సంస్థలు ఏళ్ల తరబడి చెబుతున్నాయి. 2019లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా తన తీర్మానంలో ఈ రకం వలంటీరింగ్ గురించి హెచ్చరించింది. రెండు వారాలు ఎత్తుకుని ముద్దు చేసి వెళ్లిపోతే ఆ పిల్లల గతేంటి?

అలాగని స్కూల్ క్లబ్‌ని గుడ్డిగా మెచ్చుకోను. మొక్క నాటి ఫొటో దిగి మళ్లీ నీళ్లు పోయని క్లబ్ అయితే అదీ దండగే. ఒక్కటి కనుక్కోండి: మీ పాప ఒక వారం వెళ్లకపోతే అక్కడ ఎవరికైనా పని ఆగుతుందా? ఆగుతుందంటే అది మంచి చోటు. పని నేర్పి, పక్కనుండి చూసుకునే పెద్దవాళ్లున్నారో లేదో కూడా మీరే వెళ్లి చూడండి.

నెమ్మదస్తులకి చేయదగ్గ పనులు చాలా ఉన్నాయి. నాకు తెలిసిన ఒకబ్బాయి, నోరు విప్పని రకం, చూపులేని ఒక విద్యార్థికి వారానికోసారి లెక్కల పాఠాలు చదివి వినిపించేవాడు. మొదట్లో "ఈ పటంలో చూపినట్టు" అని అలవాటుగా చదివేశాడు, అవతలివాడు "నాకెలా కనిపిస్తుంది, చెప్పు" అన్నాడు. అప్పట్నుంచి ఏ భుజం ఎటుంది, లంబం ఎక్కణ్ణుంచి దిగుతోంది, ఏ కోణం చిన్నది అని ఒక్కో గీతా మాటల్లో చెప్పడం మొదలుపెట్టాడు. జామెట్రీ తనకీ అప్పుడే గట్టిపడింది, మాటలూ వచ్చాయి. కెరీర్ విషయంలో నేను సేవకి విలువిచ్చేది ఇందుకే. డాక్టర్ అవుతానన్న పిల్ల వృద్ధాశ్రమంలో నాలుగు నెలలు సాయం చేస్తే, రోగి విసుక్కున్నా ఓపిగ్గా ఉండగలదో లేదో తనకే తెలుస్తుంది. ఏ ఆప్టిట్యూడ్ టెస్టూ ఇది చెప్పదు.

చదువు దెబ్బతింటుందని టెన్షన్ పడకండి. కెనడాలోని ఒంటారియోలో హైస్కూల్ పాసవ్వాలంటే తప్పనిసరి సేవ 40 గంటలు, అదీ మొత్తం హైస్కూల్ చదువుకి కలిపి. మీ వారానికి రెండు గంటలు ఒక్క ఏడాదిలోనే దానికంటే ఎక్కువవుతాయి, అంతకుమించి అక్కర్లేదు. పదో తరగతి పరీక్షలప్పుడు రెండు నెలలు ఆపేస్తే ఎవరూ తప్పుపట్టరు, ముందుగా అక్కడివాళ్లకి చెప్పి ఆపమనండి, అది కూడా నేర్చుకోవాల్సిందే.

కన్సల్టెంట్‌కి అడ్వాన్స్ కట్టకపోతే కట్టకండి, కట్టేసుంటే వెనక్కి అడగండి. పాపని కూర్చోబెట్టి "నీకేం చేయాలనుంది" అని అడగండి, జవాబు వచ్చేదాకా మీరు మధ్యలో ఏదీ సూచించకండి. క్లబ్ అంటే ఒక టర్మ్ చూసి చెప్పమనండి. ఏదీ వద్దంటే ఈ ఏడాదికి వదిలేయండి, పదకొండులో మొదలుపెట్టినా ఆలస్యం కాదు.