కాళ్ల మీద వల లాంటి మచ్చలా? ముందు ఆ హీటర్ జరపండి

ఈ చలికాలం అమెరికాలోని మినియాపొలిస్‌కు చదువుకోవడానికి వచ్చిన మన హనుమకొండ, పరకాల పిల్లలు ఇద్దరు నన్ను ఒకటే అడిగారు. అక్కా, పిక్కల మీద వల పరిచినట్టు గోధుమరంగు గీతలు వచ్చాయి, దురద లేదు నొప్పి లేదు, ఇక్కడి నీళ్లు పడలేదా, తామరా అని. హీటర్ ఎక్కడ పెట్టుకుని చదువుతున్నారంటే, టేబుల్ కింద, కాళ్లకు జానెడు దూరంలోనట!

కాలలేదు కదా అంటారు. కాలనక్కర్లేదు. 43 నుంచి 47 డిగ్రీల వేడి, అంటే హాయిగా అనిపించేదే, రోజూ గంటలకొద్దీ అదే చోట తగిలితే చాలు. చర్మం కింది సన్న రక్తనాళాలు దెబ్బతిని, వాటి అల్లిక మొదట ఎర్రగా కనబడి, తర్వాత ఆ గీతల్లోనే రంగు పేరుకుపోతుంది. డాక్టర్లు ఎరిథీమా ఆబ్ ఇగ్నే అంటారు, లాటిన్‌లో నిప్పు వల్ల వచ్చిన ఎరుపు అని. మా నాయనమ్మ పిక్కల మీద అచ్చం ఇలాంటివే ఉండేవి, పొద్దుమాపు కట్టెల పొయ్యి ముందే కూర్చునేది మరి, మేమేమో ముసలితనం అనుకున్నాం.

నాకైతే ఎడమ తొడ మీద వచ్చాయి, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని అసైన్‌మెంట్లు రాసిన పుణ్యం. పోవడానికి ఏడెనిమిది నెలలు పట్టింది. తొందరగా మానేస్తే మెల్లగా పోతాయి, ఏళ్లకేళ్లు సాగితే ఉండిపోవచ్చు.

నెలసరి నొప్పికి వేడినీళ్ల బ్యాగు పెట్టుకునే చెల్లెళ్లూ, వద్దనను, కానీ బట్ట మీద నుంచి పెట్టుకోండి, కాసేపటికి తీసేయండి, దాంతోనే నిద్రపోకండి. కారు సీటు హీటర్ కూడా అంతే. అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇంకా జాగ్రత్త, షుగర్‌తో పాదాలు మొద్దుబారిన వాళ్లకు కాలుతున్నా తెలియదు.

ఊరి నుంచి అమ్మ పంపిన తెల్లబడే క్రీములు మాత్రం పూయకండి, కొన్నిట్లో స్టెరాయిడ్ ఉంటుంది. మచ్చ మీద పుండు పడి మానకపోయినా, గట్టిగా గడ్డలా తగిలినా వెంటనే చూపించండి, అరుదుగానైనా అక్కడ క్యాన్సర్ వస్తుంది. కశ్మీర్‌లో కాంగ్డీ కుంపటి ఒంటికి ఆనించుకునే వాళ్లలో దాన్ని ఎప్పుడో గుర్తించారు. పక్కవాళ్లకు లేని చలి మీకొక్కరికే ఉంటే థైరాయిడ్, రక్తం పరీక్షలు కూడా చేయించుకోండి, యూనివర్సిటీ క్లినిక్‌లో అడగండి.

థర్మల్ ప్యాంటు, ఉన్ని సాక్సులు ఇవాళే కొనండి. హీటర్ గదికి, కాళ్లకు కాదు.