నైట్ డ్యూటీలో తెల్లవారుజామున నాలుగు గంటలు

"మా చెల్లెలు ఐసీయూలో నర్సుగా చేరింది. నైట్లు పడుతున్నాయి. నిద్ర ఆపుకుంటే చాలా, పనిలో పొరపాట్లు జరుగుతాయా?" అని అడిగారు. పదకొండేళ్లుగా హైదరాబాద్‌లో ఐసీయూ డ్యూటీలు చేస్తున్నాను. నా అనుభవం చెబుతాను.

నిద్ర ఆపుకోవడం వచ్చేస్తుందండీ. ఇబ్బంది అక్కడ కాదు. మూడు నుంచి ఐదు మధ్య మనిషి మెలకువగానే ఉంటుంది, ధ్యాస మాత్రం ఉండదు. ఆ సంగతి తనకే తెలియదు.

నేను చేరిన రెండో ఏడు, ఉదయం ఆరింటికి లేచి, పగలంతా ఇంటి పనులతో గడిపి, అలాగే మొదటి నైట్‌కి వెళ్లాను. నాలుగు దాటాక ఒక పేషెంట్‌కి ఇన్సులిన్ సిరంజి పంప్ (మందును కొద్దికొద్దిగా ఎక్కించే మిషన్) మార్చాలి. గంటకు 1.5 పెట్టాలి. పక్క బెడ్ దగ్గరున్న సిస్టర్ "ఎంత పెట్టావే?" అని అడిగితే "ఒకటిన్నర" అన్నాను, స్క్రీన్ వంకే చూస్తూ. ఆమె వచ్చి చూస్తే అక్కడ 15 ఉంది, అంటే పది రెట్లు. స్టార్ట్ నొక్కలేదు కాబట్టి సరిపోయింది. నా కళ్లు 15 చూస్తున్నాయి, నోరు ఒకటిన్నర అంటోంది. ఆ రోజు నా చేతులు వణికింది ఇప్పటికీ గుర్తే.

అప్పటికి నేను లేచి 22 గంటలు. 1997లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారి స్థాయికి పడిపోతుంది. మన దేశంలో బండి నడిపేవారికి పరిమితి 0.03 శాతమే. అందుకే మొదటి నైట్‌కి ముందు మధ్యాహ్నం కనీసం రెండు గంటలు పడుకోమనండి. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే.

రోస్టర్ (ఎవరికి ఏ షిఫ్టో రాసే పట్టిక) కూడా చూడాలి. మార్నింగ్, తర్వాత ఈవినింగ్, తర్వాత నైట్ అని ముందుకు జరిగితే ఒళ్లు కాస్త అలవాటు పడుతుంది. వెనక్కి తిరిగితే చాలా కష్టం. ఈవినింగ్ ఎనిమిదింటికి అయిపోయినా తర్వాతి షిఫ్టు సిస్టర్‌కి పేషెంట్లను అప్పజెప్పి ఇల్లు చేరేసరికి పదవుతుంది. మర్నాడు మళ్లీ మార్నింగ్ అంటే నిద్ర ఎక్కడిది? ఇది నర్సు ఓపికకు సంబంధించిన విషయం కాదు, రోస్టర్ వేసేవాళ్ల బాధ్యత. ఇన్‌చార్జ్ సిస్టర్‌ని అడగడానికి మొహమాటపడొద్దని చెప్పండి.

ఇన్సులిన్, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు), పొటాషియం లాంటివి ఇచ్చేటప్పుడు ఇంకొకరిని పిలిచి, అంకె వాళ్ల చేత చదివించాలి. మనం చదివి వాళ్ల చేత "ఊఁ" అనిపించుకుంటే లాభం లేదు. బ్రేక్‌లో అరగంట కునుకు తీస్తే మంచిదే, కానీ లేచిన వెంటనే మందులు ముట్టుకోకూడదు. మొహం కడుక్కుని ఓ పావుగంట ఆగాలి. మూడు దాటాక కాఫీ వద్దు, పొద్దున ఇంటికెళ్లాక నిద్ర పట్టదు.

ఇంట్లోవాళ్లు చేయాల్సింది కూడా ఉంది. పగలు తను పడుకుంటే అది మీకు అర్ధరాత్రితో సమానం అనుకోండి. కొరియర్ వచ్చిందనో, కూరేం వండాలనో లేపకండి. గదికి మందపాటి కర్టెన్ వేయించండి. నైట్ దిగి స్కూటీ మీద రానివ్వకండి. బస్సో, మెట్రోనో ఎక్కమనండి, వీలైతే మీరే వెళ్లి తీసుకురండి.