బాకీ నోటీసును సివిల్ కోర్టులో రద్దు చేయించుకోవచ్చా?

ప్రశ్న: పలాసలో మాకు జీడిపప్పు తయారుచేసే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉంది. పిక్కలు సరఫరా చేసిన వ్యాపారి అసలు 94 లక్షలు, వడ్డీ 18 లక్షలు కలిపి పది రోజుల్లో చెల్లించాలని దివాలా చట్టం కింద నోటీసు పంపారు. సరుకు నాసిగా ఉందని మేము అప్పట్లోనే తెలియజేశాం. శ్రీకాకుళం కోర్టులో దావా వేసి నోటీసును రద్దు చేయించవచ్చా?

జవాబు: ఆ దారి లేదు. మీకు అందినది 2016 నాటి దివాలా స్మృతి 8వ సెక్షన్ కింద నోటీసు. ఆ స్మృతి ప్రకారం జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ తేల్చవలసిన విషయాలలో సివిల్ కోర్టులకు అధికారం లేదని 63, 231 సెక్షన్లు చెబుతున్నాయి. పైగా నోటీసు అందిన తరువాత హడావుడిగా వేసే దావా, వివాదం అంతకుముందే ఉందనడానికి రుజువు కాదు.

నోటీసు అందిన పది రోజులలోపు వివాదాన్ని ఆధారాలతో తెలియజేస్తూ ఇచ్చే జవాబే మీ అసలు రక్షణ. గడువు దాటినంత మాత్రాన ట్రిబ్యునల్‌లో వాదించే అవకాశం పోదు గానీ, మౌనం మీకు మేలు చేయదు. 2017లో మొబిలాక్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, మీ వాదన చివరికి నెగ్గుతుందా లేదా అన్నది ట్రిబ్యునల్ చూడదు. విచారణ అవసరమైన నిజమైన వివాదం నోటీసుకు ముందే ఉందా, లేక అది ఆధారం లేని ఉత్తమాటేనా అన్నంతవరకే చూస్తుంది. సరుకు నాణ్యత గురించిన తగాదాను స్మృతి స్వయంగా వివాదంగా గుర్తించింది.

కాబట్టి తేమ ఎక్కువగా ఉందనీ, బస్తాకు రావలసిన పప్పు రాలేదనీ మీరు పంపిన వాట్సాప్ సందేశాలు, ఈమెయిళ్లు, తూకం చీటీలు, డెబిట్ నోట్లు తేదీలవారీగా జతచేయండి. ఫోనులో చెప్పామనే మాట ఒక్కటే నిలవదు. అన్నిటికంటే ముందు మీ అకౌంటెంటును ఒక విషయం అడగండి: మార్చి 31 నాటి బాకీ సరిగ్గా ఉందంటూ ఆ వ్యాపారికి నిల్వ ధ్రువీకరణ పత్రం సంతకం చేసి ఇచ్చారా? ఆడిట్ తొందరలో చాలా కంపెనీలు చదవకుండా ఇచ్చే కాగితం అది. అభ్యంతరం రాయకుండా ఇచ్చి ఉంటే, అవతలి న్యాయవాది మొదట చూపేది దానినే.

ఇక బాకీ మొత్తం సంగతి. ఈ స్మృతి కింద ఆ వ్యాపారి ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలంటే ఉండవలసిన కనీస బాకీ 2020 మార్చి 24 నుంచి కోటి రూపాయలు. మీ విషయంలో వడ్డీ కలిస్తేనే అది దాటుతోంది. వడ్డీకి ఒప్పందం లేకపోతే దానిని లెక్కలోకి తీసుకోరాదని జవాబులోనే రాయండి. అయితే మీరు అంగీకరించిన బిల్లులపై వడ్డీ షరతు అచ్చయి ఉంటే ఈ వాదన బలహీనపడుతుంది. తగాదా లేని బిల్లులేవైనా ఉంటే, వాటిని పిటిషన్ పడేలోపే బ్యాంకు ద్వారా చెల్లించడం మంచిదని నా అభిప్రాయం.

దీనిని తేలికగా తీసుకోవద్దు. 9వ సెక్షన్ కింద పిటిషన్‌ను ట్రిబ్యునల్ అమరావతి ధర్మాసనం స్వీకరిస్తే డైరెక్టర్ల బోర్డు అధికారాలు నిలిచిపోయి, కంపెనీ నిర్వహణ ట్రిబ్యునల్ నియమించే తాత్కాలిక పరిష్కార నిపుణుడి చేతికి వెళుతుంది. జవాబును రిజిస్టర్డ్ పోస్టులోనూ ఈమెయిల్‌లోనూ పంపి, రసీదును, అందినట్లు వచ్చే కార్డును భద్రపరచండి.