ముక్క మానేశాక కంచంలో ఏముండాలి?

ప్రశ్న: కార్తీకమాసమని మాంసం మానేశాను. నెల అయిపోయినా మళ్లీ తినబుద్ధి కాలేదు, ఇక ఇలాగే ఉండిపోదామనుకుంటున్నాను. ఇంట్లో మిగతావాళ్లంతా తింటారు. మా అమ్మేమో ‘రోజూ పప్పు తిని నీరసించిపోతావురా’ అని ఒకటే టెన్షన్. నిజం చెప్పాలంటే ఆదివారం వచ్చేసరికి నాకూ నాలుక పీకుతోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: ముందు అమ్మగారి టెన్షన్ సంగతి. 2014లో కేంద్రం చేయించిన నమూనా సర్వేలో తెలంగాణలో 98 శాతానికి పైగా మాంసం తినేవాళ్లేనని తేలింది, అలాంటి చోట కొడుకు ‘నాకొద్దు’ అంటే ఏ తల్లికైనా బెంగే కదా. పైగా ఆవిడ భయంలో నిజం కూడా ఉంది. మాంసం మానేసినవాళ్లు చాలామంది ఏం చేస్తారంటే, కంచంలోంచి ముక్క తీసేసి ఆ ఖాళీలో ఇంకో హస్తం అన్నం వేయించుకుంటారు. దాని మీద నీళ్లలాంటి పప్పుచారు, పక్కన పచ్చడి, ఆఖర్న పలచటి మజ్జిగ. నీరసం రాక ఏమొస్తుంది?

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 65 కిలోల మగమనిషికి రోజుకు 54 గ్రాముల ప్రొటీన్ కావాలి. వినడానికి చాలా అనిపిస్తుంది గానీ లెక్కేసి చూడండి. పావుకిలో బియ్యం వండుకుంటే అందులోనే దాదాపు 19 గ్రాములు ఉంటుంది, 60 గ్రాముల కందిపప్పులో 13, పాలూ పెరుగూ కలిపి అర లీటరైతే 16, గుప్పెడు పల్లీల్లో 7. సరిపోయింది. పొడులు, డబ్బాలు ఏమీ కొనక్కర్లేదు. కాకపోతే 60 గ్రాముల పప్పంటే మనిషికి రెండు పూటలా గట్టి పప్పు ఉండాలి, నలుగురున్న ఇంట్లో చిన్న టీ గ్లాసుడు పప్పు నానేసి దాన్నే అందరికీ సాగదీస్తే కుదరదు. రోజూ కందిపప్పే ఎందుకు, పెసరపప్పు, బొబ్బర్లు, శనగలు, ఉలవలు మార్చి మార్చి వండించుకోండి. ప్రొటీన్‌లో ఉండే భాగాల్లో లైసిన్ అనేది బియ్యంలో తక్కువ, మెథియోనిన్ అనేది పప్పుల్లో తక్కువ, రెండూ కలిపి తింటే ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తుంది. ఇడ్లీ, కిచిడీ, పప్పన్నం అన్నీ అలా కుదిరినవే.

ఇక ఆదివారం నాలుక. మీకు గుర్తొచ్చేది మాంసం ఒక్కటే అనుకోకండి. ఉల్లిపాయలు ఎర్రగా వేగిన వాసన, అల్లం వెల్లుల్లి, ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి, అందులోంచి పైకి తేలే నూనె, నోరూరించేది చాలావరకు ఇదే. ఆ మసాలా అలాగే ఉంచి అందులో మీల్ మేకర్ వేయండి, పుట్టగొడుగులు వేయండి, పచ్చి పనసకాయ ముక్కలు వేయండి. మీల్ మేకర్ బాగోలేదని చాలామంది అంటారు, వాళ్లు దాన్ని నేరుగా కూరలో వేసేస్తారు మరి. ఉప్పేసిన వేడినీళ్లలో పది నిమిషాలు ఉంచి, గట్టిగా పిండి, చన్నీళ్లలో కడిగి మళ్లీ పిండితే ఆ పచ్చి సోయా వాసన పోతుంది, అప్పుడు మసాలాలో వేసి మూతపెట్టి మగ్గనిస్తే లోపలిదాకా పడుతుంది.

కానీ నా మాట వింటే, ప్రతి ఆదివారమూ మాంసానికి నకలు వెతకొద్దు. నకలు ఎంత బాగా చేసినా అసలును గుర్తు చేస్తూనే ఉంటుంది. దానికి బదులు మీ ఇంట్లో ఎప్పుడూ వండని కూర ఒకటి పట్టుకోండి. గోదావరి జిల్లాల పనసపొట్టు కూర ఉంది చూశారూ, రాజమండ్రి వైపు మార్కెట్లో లేత పనసకాయను కత్తితో సన్నగా కొట్టి పొట్టుగా అమ్ముతారు. ఉప్పూ పసుపూ వేసి ఉడికించి, నీళ్లు పిండేసి, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు దండిగా పోపు పెట్టి, చింతపండు గుజ్జు కలిపి మగ్గించాలి. పొయ్యి కట్టేసి కాస్త చల్లారాక నూరిన ఆవపిండి కలపాలి, పొయ్యి మీద ఉండగానే కలిపితే చేదొస్తుంది. పూట ఆగి తింటే ఆ ఘాటు ముక్కుకెక్కుతుంది! ఇది తినేటప్పుడు మటన్ గుర్తురాదు, వచ్చినా పోల్చాలనిపించదు. మీ వైపు చింతచిగురు పప్పు, పచ్చిపులుసు ఉండనే ఉన్నాయి.

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. చికెన్ షాపు ముందు ఏదో చూసి వచ్చింది, ఆ రోజు నుంచి మాంసం ముట్టడం లేదు. గుడ్డు మాత్రం తింటుంది. ఎదిగే పిల్ల, రక్తం తక్కువైపోతుందని భయంగా ఉంది. తెలియకుండా చారులో చికెన్ ఉడికించిన నీళ్లు కలిపితే తప్పా?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: తప్పేనమ్మా. ఒకసారి తెలిసిపోయిందంటే ఆ పిల్ల మీ చేతి చారు కూడా అనుమానంగా చూస్తుంది. గుడ్డు, పాలు తింటోందంటే సగం దిగులు తగ్గినట్టే, ఎందుకంటే మొక్కల నుంచి వచ్చే తిండిలో అసలు దొరకని విటమిన్ బి12 వాటిలో ఉంటుంది. ఆకుకూరలు ఎన్ని తిన్నా బి12 రాదు. రేపు గుడ్డూ పాలూ కూడా మానేస్తానంటే మాత్రం డాక్టర్‌ని అడిగి మాత్రలు మొదలుపెట్టాల్సిందే, అందులో మొహమాటం వద్దు. కాళ్లలో తిమ్మిర్లు, నాలుక మంట, ఊరికే అలసట లాంటివి ఉంటే రక్తపరీక్ష చేయించండి. ఇంట్లో షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతున్న పెద్దవాళ్లుంటే వాళ్లకీ చేయించండి, ఆ మందు బి12ను తగ్గిస్తుంది.

ఇనుము విషయంలో మనవాళ్లకు రాగులంటే గుడ్డి నమ్మకం. రాగుల్లో పుష్కలంగా ఉండేది కాల్షియం, ఇనుము మరీ అంతేమీ కాదు. తోటకూర, శనగలు, ఉలవలు, నువ్వులు పెట్టండి. మొక్కల నుంచి వచ్చే ఇనుము ఒంటికి పట్టాలంటే పక్కన పులుపు ఉండాలి, అందుకే తోటకూర పప్పులో నిమ్మరసం పిండండి, అన్నంలో మొదటి ముద్దకి ఉసిరికాయ పచ్చడి వేయండి. మొలకలు కట్టిన పెసలూ మంచివే. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే గంటన్నా ఆపించండి, టీ ఇనుమును పట్టనివ్వదు.

ప్రశ్న: చదువుకోవడానికి అమెరికా వచ్చాను. చీజ్, మిఠాయిలు, సాస్‌లు ఏవి శాకాహారమో అర్థం కావట్లేదు.
– ఒక విద్యార్థి, డాలస్

జవాబు: మన దగ్గర ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి కళ్లు మూసుకుని కొనేస్తాం, అక్కడ ఆ సుఖం లేదు, వెనకున్న చిన్న అక్షరాలు చదువుకోవాల్సిందే. జెలటిన్ అని ఉంటే జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసింది. గమ్మీలు, మార్ష్‌మాలోల్లో ఎక్కువగా ఉంటుంది. చీజ్‌లో రెన్నెట్, అంటే పాలు విరగడానికి వేసేది, ఏ రకమో చూడండి, మైక్రోబియల్ అనో వెజిటబుల్ అనో ఉంటే పర్లేదు. ఇటలీ నుంచి వచ్చే అసలు పార్మీజానో చీజ్‌లో దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్టే వాడతారు. మెక్సికన్ హోటల్లో ఉడికించిన చిక్కుడు గింజల ముద్దలో పందికొవ్వు, థాయ్ కూరల్లో చేపల సాస్ ఉండొచ్చు, అడిగి తినండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ప్రశ్న: బిర్యానీలో ముక్కలు పక్కకు నెట్టి అన్నం మాత్రం తింటే శాకాహారం కిందే లెక్కా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: లెక్క ఎలా కుదురుతుందండీ, దమ్‌లో ఆ మాంసం రసమంతా పీల్చుకున్నదే ఆ అన్నం! కొద్దికొద్దిగా తగ్గించుకుంటున్నవాళ్లకు అదీ ఒక మెట్టే, నేను తప్పుపట్టను, కానీ పూర్తిగా మానేశానని చెప్పుకోవద్దు. పెళ్లిళ్లలో మీకు బగారా అన్నం దొరుకుతుంది, అందులో మసాలా దినుసులు, పుదీనా తప్ప మాంసం పడదు, మిర్చీ కా సాలన్‌తోనో బగారా బైంగన్‌తోనో కలుపుకుంటే ఆ రుచే వేరు. దాల్చా వడ్డించుకునే ముందు మాత్రం ఒక మాట అడగండి, సొరకాయతో చేసేదీ ఉంటుంది, బొక్కలు వేసి చేసేదీ ఉంటుంది.