డాక్టర్ సలహా: సభాకంపానికి బావమరిది మాత్ర

ప్రశ్న: నాకు 46 ఏళ్ళు. మాది పర్లాకిమిడి. ఇరవై ఏళ్ళుగా పద్య నాటకాల్లో కృష్ణుడి వేషం కడుతున్నాను. ఏడాదిగా తెర లేచే ముందు గుండె దడ, పిల్లనగ్రోవి పట్టుకోలేనంతగా చేతుల వణుకు. పార్శ్వపు తలనొప్పికి మా బావమరిది వాడే ప్రొప్రనొలాల్ 20 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటున్నాను. అది చాలడం లేదు. 40 వేసుకోవచ్చా? చలికాలంలో పిల్లికూతలు వస్తాయి కాబట్టి వేషం కట్టే ముందు ఇన్‌హేలర్ కూడా పీలుస్తాను.

జవాబు: మీరు అడిగింది మోతాదు గురించి, నన్ను ఆపింది మీ చివరి వాక్యం. పిల్లికూతలు వచ్చేవారు వైద్యుణ్ణి అడగకుండా ఈ మాత్ర 40 కాదు, 10 కూడా వేసుకోకూడదు. ఇది గుండె వేగాన్ని తగ్గించి ఊరుకోదు. శ్వాసనాళాలను తెరిచి ఉంచే బీటా గ్రాహకాలను కూడా అడ్డుకుంటుంది కాబట్టి, ఉబ్బసం ఉన్నవారికి ఒక్క మాత్రతోనే నాళాలు బిగుసుకుపోవచ్చు, అప్పుడు ఇన్‌హేలర్ పీల్చినా సరిగా పనిచేయకపోవచ్చు. సాంబ్రాణి పొగ మధ్య, ముఖాన రంగు అద్దుకుని, పద్యం చివర రాగం తీస్తుండగా ఊపిరి అందకపోతే ఏం చేస్తారు? ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు కదా అనకండి.

మీరు పీలుస్తున్నది శ్వాసనాళాలను తెరిచే సాల్బుటమాల్ మందు అయితే, దడ, వణుకు దాని దుష్ఫలితాలే కావచ్చు. అంటే ఒక మందు తెచ్చిన వణుకును, ఆ మందుకే విరోధి అయిన మరో మందుతో అణచుకుంటున్నారేమో! అలాగని ఇన్‌హేలర్‌ను మీ అంతట మీరు మానవద్దు.

ఇరవై ఏళ్ళు లేని దడ ఇప్పుడు కొత్తగా మొదలైతే, మిమ్మల్ని చూడకుండా దాన్ని సభాకంపమని నేను తేల్చలేను. థైరాయిడ్, హిమోగ్లోబిన్, చక్కెర పరీక్షలతో పాటు ఈసీజీ అవసరం కావచ్చు. చక్కెర వ్యాధికి మందులు వాడేవారిలో చక్కెర పడిపోయినప్పుడు వచ్చే దడను, వణుకును కూడా ఈ మాత్ర కప్పిపుచ్చుతుంది.

ప్రొప్రనొలాల్ షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా అమ్మకూడనిది. ఇక్కడ చీటీ అడిగితే ఒడిశా-ఆంధ్ర సరిహద్దు దాటి కొనుక్కురావడం మన వాళ్ళకు అలవాటైపోయింది. ఇంట్లో ఒకరి మందు మరొకరు మింగడం అంతకంటే పాత అలవాటు. బావమరిది తలనొప్పికి రాసిన వైద్యుడు ఆయన ఊపిరితిత్తులను చూసి రాసి ఉంటారు, మీవి కాదు.

నాటకం రోజుల్లోనే వేసుకుంటుంటే ఇక వేసుకోకండి. రోజూ వాడుతుంటే మాత్రం హఠాత్తుగా ఆపకుండా ఇవాళే వైద్యుణ్ణి కలవండి. మాట పూర్తి చేయలేనంత ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయండి.

పరీక్షలన్నీ బాగుండి, ఇది సభాకంపమే అయితే భయపడనక్కరలేదు. తెర లేచే ముందు అడ్రినలిన్ పెరగడం సహజం, చాలామందికి మొదటి కొద్ది నిమిషాల్లోనే సర్దుకుంటుంది. ఆ పూట టీ, కాఫీ తగ్గించి, ఊపిరి నెమ్మదిగా వదలడం సాధన చేయండి. చాలకపోతే మానసిక వైద్యులు మందు లేకుండానూ సాయపడగలరు. వైద్యుడి దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇన్‌హేలర్‌నూ, ఆ మాత్రల స్ట్రిప్పునూ జేబులో వేసుకువెళ్ళండి.