సమాధానం: ముఖం కూజా ఇంట్లో పెట్టుకోవచ్చా?

అట్లాంటాలో కొన్న ముఖం కూజాను, అంటే మనిషి మొహం ఆకారంలో చేసిన మట్టి కూజాను చూసి మీ అత్తగారు భయపడుతున్నారని, దయ్యాలు రాకుండా సమాధుల మీద పెట్టేవారని అమ్మినాయన చెప్పాడని రాశారు. టెన్షన్ పడకండి. ఆ సమాధుల కథ జనం నోట పెరిగిందే, గట్టి ఆధారం లేదు. అయినా గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ కట్టే ఇంట్లో ఇంకో కోరల మొహం ఎక్కువేం కాదండీ!

ఈ కూజాల అసలు పుట్టిల్లు అమెరికాలో దక్షిణ కరోలినా రాష్ట్రంలోని ఎడ్జ్‌ఫీల్డ్. 1862 ప్రాంతంలో తన కార్ఖానాలో బానిసలుగా ఉన్న ఆఫ్రికన్లు తీరిక దొరికినప్పుడు ఇలాంటివి చేసుకునేవారని థామస్ డేవీస్ అనే యజమాని తర్వాత చెప్పాడు. 1858లో, బానిసల దిగుమతిని నిషేధించిన చట్టం కళ్లుగప్పి 'వాండరర్' ఓడలో దించిన కాంగో ప్రాంతం మనుషుల్లో కొందరు ఆ చుట్టుపక్కలకే చేరారు. కాంగోలో తెల్లమట్టి పవిత్రం, ఈ కూజాల కళ్లకూ పళ్లకూ వాడిందీ తెల్లమట్టే. అందుకే ఇవి పూజకో, మంత్రానికో వాడినవని చాలామంది పరిశోధకుల అభిప్రాయం.

ఇక మీ ఫొటో. పళ్లు పింగాణీ ప్లేటు ముక్కలు. పాత ఎడ్జ్‌ఫీల్డ్ కూజాలకు కళ్లూ పళ్లూ గ్లేజు (మెరుపు పూత) లేని తెల్ల కెయోలిన్ మట్టివి, సైజు కూడా దాదాపు జానెడే. మీది 20వ శతాబ్దంలో జార్జియా రాష్ట్రం వైపు తెల్లజాతి కుమ్మరులు చేసిన పద్ధతిలా ఉంది. అడుగున సంతకం ఉందేమో తిప్పి చూడండి. 1860ల నాటిదని చెప్పి ఎక్కువ డబ్బు లాగి ఉంటే మాత్రం వెనక్కి ఇచ్చేయండి.