యువ రచయితకు లేఖ: ఒక్క స్టైలస్, నాలుగు ఆటలు

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. నీ వ్యాసం అందింది. నింటెండో డీఎస్ అనే రెండు తెరల చేతి గేమ్ మెషీన్ మీద సంగీతంతో ఆడుకునే ఆటలు నాలుగు తీసుకుని పోల్చి చూడాలనుకోవడం మంచి ఆలోచనే. ఎంపిక కూడా బాగుంది: ఎలక్ట్రోప్లాంక్టన్, జామ్ సెషన్స్, కోర్గ్ డీఎస్-10, రిథమ్ హెవెన్. నాలుగూ నాలుగు దారులు. కానీ చదవడం పూర్తయ్యాక నాకు గుర్తున్నది నీ పట్టిక ఒక్కటే. గ్రాఫిక్స్‌కి ఇన్ని, శబ్దానికి ఇన్ని, లెవెల్స్‌కి ఇన్ని అని మార్కులు వేసుకుంటూ పోయావు. లెవెల్స్ గడిలో ఎలక్ట్రోప్లాంక్టన్‌కి సున్నా, డీఎస్-10కి కూడా సున్నా. ఆ రెండు సున్నాలూ ఒకటి కాదని ఆడినవాడివి కనుక నీకు తెలుసు. చదివేవాడికి ఎలా తెలుస్తుంది? ఒకటి నీళ్లలో చెయ్యి పెట్టి ఆడుకోమంటుంది, ఇంకొకటి వాయిద్యం కొని ఇంటికి తెచ్చి నేర్చుకోమంటుంది. పట్టిక ఈ తేడాని మింగేసింది. దాన్ని తీసెయ్.

తీసేస్తే వ్యాసానికి ఆధారం ఏముంటుందని అడుగుతావు. ఈ నాలుగు ఆటలకూ ఒకే ఇబ్బంది ఉంది, అక్కడ మొదలుపెట్టు. 2004లో వచ్చిన ఆ మెషీన్‌లో పైతెర చూడ్డానికే, తాకితే పలికేది కిందితెర. అదీ ఒత్తిడి మీద పనిచేసే తెర కాబట్టి ఒక సమయంలో ఒక్కచోటే తాకిడిని గుర్తిస్తుంది. రెండు వేళ్లు ఆనించినంత మాత్రాన రెండు స్వరాలు పలకవు. మాట్లాడే పాత్రల కథకో, పజిల్‌కో దీనితో పేచీ లేదు. సంగీతానికి మాత్రం పెద్ద పేచీయే. హార్మోనియం ముందు కూర్చోబెట్టి ఒక్క వేలు తప్ప మిగతావన్నీ కట్టేసినట్టు. మరి స్టైలస్ అనే కలం లాంటి ఒక్క పుల్లతో ఒకేసారి పది శబ్దాలు ఎలా పుట్టించాలి? నాలుగు ఆటలూ దీనికి నాలుగు జవాబులు చెప్పాయి. నీ పోలిక ఆ జవాబుల దగ్గర ఉంది.

ఎలక్ట్రోప్లాంక్టన్ జవాబు చాలా అందమైనది. వాయించే పనిని ఆటగాడి చేతిలోంచి తీసి తెర మీది జీవులకు అప్పజెప్పేసింది. మనం చేయాల్సిందల్లా వాటి లోకాన్ని కాస్త అటూ ఇటూ సర్దడమే. హనెన్‌బో అనే భాగాన్ని నువ్వు ఒక వాక్యంలో దాటేశావు, అక్కడ ఆగాల్సింది. నీటిలోంచి పైకి లేచిన ఒక మొక్క ఉంటుంది. చిన్న చిన్న జీవులు ఒకదాని వెనక ఒకటి గాల్లోకి ఎగిరి, ఒక ఆకుకి తగిలి, అక్కణ్ణుంచి గెంతి ఇంకో ఆకుకి తగిలి, చివరికి నీళ్లలో పడతాయి. తగిలినప్పుడల్లా ఒక స్వరం. నువ్వు స్టైలస్‌తో ఒక ఆకుని కొంచెం వంచుతావు. అంతే, తర్వాత వచ్చే జీవి దారి మారిపోతుంది, ఇంతకుముందు మూడు ఆకులు పలికిన చోట ఇప్పుడు అయిదు పలుకుతాయి, లేదా ఒక్కటే పలికి నీళ్లలో పడిపోతుంది. దెబ్బలు తిన్న ఆకులు మెల్లగా ఎర్రబడతాయి. అన్నీ ఎర్రబడితే మొక్క పువ్వు పూస్తుంది. నువ్వు వంచింది ఒక్క ఆకు. కదిలింది మొత్తం పాట. ఒక్కచోటే తాకగలిగే తెర మీద ఇంతకన్నా తెలివైన ఏర్పాటు నాకు తెలియదు.

లుమినేరియా ఇంకో రకం. గళ్లలో బాణపు గుర్తులు పరిచి ఉంటాయి. నాలుగు జీవులు, ఒక్కోదానిది ఒక్కో వేగం, బాణం ఎటు చూపిస్తే అటు పోతూ ప్రతి గడిలో ఒక స్వరం పలికిస్తాయి. ఒక బాణాన్ని తాకి తిప్పితే ఆ దారిన వచ్చేదాని ప్రయాణం మారుతుంది. ఈ ఆటలో మొత్తం పది రకాల జీవులున్నాయి, నువ్వు పదింటినీ పేరుపేరునా పరిచయం చేశావు. అవసరం లేదు. ఈ రెండూ, మైకులోంచి నీ గొంతు పట్టుకుని తాళం మీద తిప్పి తిప్పి వినిపించే రెక్-రెక్ చేపలూ, ఇవి చాలు. మిగతావి ఉన్నాయని చెప్పి ముందుకెళ్లు.

జామ్ సెషన్స్ జవాబు సూటిగా ఉంటుంది: ఒక చెయ్యి చాలకపోతే రెండో చేతికి పని చెప్పు. ఎడమ బొటనవేలు డీప్యాడ్‌ని, అంటే ప్లస్ గుర్తు ఆకారంలో ఉండే దిక్కుల బటన్‌ని, ఎనిమిది దిక్కుల్లో ఎటో ఒకవైపు నొక్కి పట్టుకుంటే ఒక కార్డ్, అంటే కలిసి మోగే స్వరాల గుత్తి, సిద్ధమవుతుంది. కుడిచేత్తో స్టైలస్‌ని తెర మీది తీగకి అడ్డంగా లాగితే అది మోగుతుంది. మెషీన్ పైఅంచున ఉండే భుజం బటన్ నొక్కితే ఇంకో ఎనిమిది కార్డ్‌లు. గిటార్ మీద ఎడమచెయ్యి చేసే కష్టమంతా బొటనవేలి కింద సర్దేశారు, కుడిచేతి ఊపుని మాత్రం అలాగే వదిలారు. 2007లో యూబీసాఫ్ట్ బయటి దేశాలకు తెచ్చింది, జపాన్‌లో అంతకు ముందే 2006లో వచ్చింది. ఇందులో గెలుపూ ఓటమీ లేవు. పాడుకునేవాడికి తోడుగా వాయించుకునే పని మాత్రం చక్కగా చేస్తుంది. ఒక్కో తీగనీ విడిగా మీటి రాగం తీయాలనుకునేవాడికి ఇది పనికిరాదు. నాకు ఇది కొద్దిసేపట్లోనే అయిపోయినట్టు అనిపిస్తుంది. నీకు బాగా నచ్చినట్టుంది. నీ వ్యాసంలో నీ మాటే ఉండాలి, ఎందుకు నచ్చిందో మాత్రం చెప్పు. 'చాలా సరదాగా ఉంది' అన్నంత మాత్రాన నాకు ఏమీ తెలియలేదు.

డీఎస్-10 గురించి నువ్వు రాసింది మరీ తక్కువ. అర్థంకాక తప్పించుకున్నావేమో అనిపించింది. దాని జవాబు కాలంలో ఉంది. ఒక్కసారి ఒక్కచోటే తాకగలవా? సరే, తొందరేముంది, ఒక్కొక్కటే పెట్టు. పదహారు గడుల వరస ఒకటి ఉంటుంది. ఏ గడిలో ఏ స్వరం మోగాలో తాపీగా ఆనించి పెడతావు. వరస చివరికి వెళ్లి మళ్లీ మొదటికి వచ్చి తిరుగుతూనే ఉంటుంది. అది తిరుగుతుండగానే నువ్వు ఇంకో తెరకి వెళ్లి డ్రమ్స్ పేర్చుకోవచ్చు, లేదా సింథసైజర్ (కరెంటుతో శబ్దం పుట్టించే వాయిద్యం) మీటలు ఒక్కొక్కటీ తిప్పి శబ్దాన్ని పలచన చెయ్యొచ్చు, గరుకు చెయ్యొచ్చు. రెండు సింథసైజర్లు, నాలుగు డ్రమ్ శబ్దాలు, అంటే ఒకేసారి ఆరు పాయలు. 1978లో కోర్గ్ తెచ్చిన ఎంఎస్-10 అనే నిజం సింథసైజర్ దీనికి మూలం. అందుకే తెర మీద వైర్లు కూడా కనిపిస్తాయి. ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికి స్టైలస్‌తో వైరు లాగి కలుపుతావు. ఎక్కడ కలిపితే ఏమవుతుందో అది నీకు చెప్పదు. ఇక్కడ మంచి శబ్దం దానంతట అది రాదు. ఏం చేస్తున్నానో తెలియకుండా వైరు కలిపితే చెవి చిల్లులు పడే గోల కూడా వస్తుంది. ఆ గోలలోంచి మంద్రంగా మోగే ఒక బాస్ శబ్దాన్ని పట్టుకుని గడుల్లోకి దించినప్పుడు కలిగే గర్వం మిగతా మూడింటిలో ఏదీ ఇవ్వదు. నీ వ్యాసంలో సగం దీనికే ఇవ్వమంటాను.

నాలుగోది రిథమ్ హెవెన్. ఇది సంగీతం తయారుచేసే ఆట కాదు, కాబట్టి తీసెయ్యాలా అని అడిగావు. తీసెయ్యొద్దు, చివర పెట్టు. దీని జవాబు పొగరుగా ఉంటుంది: ఒక్క తాకిడే ఉంటే ఆ ఒక్క తాకిడితోనే ఆటంతా నడిపిస్తాను. పాట ముందే కట్టేసి ఉంటుంది, నీ వంతు సరైన క్షణంలో తాకడమే. మొదట్లోనే వచ్చే గ్లీ క్లబ్ చూడు. ముగ్గురు కుర్రాళ్లు వరసగా నిలబడి ఉంటారు, మూడోవాడివి నువ్వు. స్టైలస్ తెరకి ఆనించి ఉన్నంతసేపూ వాడు నోరు మూసుకుని ఉంటాడు. ఎత్తితే పాడతాడు. అంటే ఇక్కడ తాకడం అంటే మౌనం, వదలడం అంటే గొంతు. మిగతావాళ్లు ఆపాక కూడా నువ్వు ఎత్తి ఉంచావనుకో, మిగతా ఇద్దరూ నీ వైపు గుర్రుగా చూస్తారు. ఆ చూపు చాలు, స్కోరు అక్కర్లేదు. ఇక్కడ నువ్వు ఒక్క స్వరం కూడా సొంతంగా ఎంచుకోలేవు, అయినా పాడుతున్నాననే అనిపిస్తుంది. హనెన్‌బోలో నువ్వు అన్నీ మార్చగలవు, కానీ పాడేది ఆ జీవులు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన రాయి. వ్యాఖ్యానం పెద్దగా అవసరం ఉండదు.

ఇలా మొదటి ప్రశ్న గట్టిగా పట్టుకున్నాక ఇంకో రెండు ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. తప్పు వాయిస్తే ఏమవుతుంది? ప్లాంక్టన్‌లో తప్పనేదే దాదాపు లేదు. రిథమ్ హెవెన్‌లో తప్పే ఆట. అయితే అది కూడా మరీ కఠినం కాదు, ఒకే ఆటలో పదే పదే ఓడితే కేఫ్‌లో ఉండే ఆసామి దాన్ని దాటేసి పొమ్మంటాడు. డీఎస్-10లో తప్పు ఉంది, కానీ అది తప్పని చెప్పేవాడు లేడు. నీ చెవే చెప్పాలి.

రెండోది, చేసింది దాచుకోవచ్చా? డీఎస్-10లో దాచుకోవచ్చు. ఎలక్ట్రోప్లాంక్టన్‌లో సేవ్ చేసుకునే వీలే లేదు. మెషీన్ ఆపేస్తే అంతా పోయినట్టే. నువ్వు దీన్ని లోపాల జాబితాలో వేసి వదిలేశావు. ఇది వాదించాల్సిన విషయం. ఆర్ట్ గ్యాలరీలో పెట్టిన ప్రదర్శన వస్తువులాగే దీన్ని తయారుచేశారు కాబట్టి అలాగే ఉండాలనేవాళ్లున్నారు. పూర్తిగా ఒప్పుకోను. హనెన్‌బో విషయంలో ఒప్పుకుంటాను, ఆకులు మళ్లీ వంచితే ఇంకో పాట వస్తుంది, పోయిందని దిగులుండదు. కానీ లుమినేరియాలో బాణాలన్నీ ఒక్కొక్కటిగా తిప్పి, నాలుగు జీవులూ ఒకదానికొకటి అడ్డం పడకుండా చక్కగా చుట్టుకుంటూ తిరిగేలా కుదుర్చుకున్నాక అది పోతే ఒళ్లు మండుతుంది. అది ఆట వదిలేసిన పని కాదు, ఆడినవాడు కూర్చి పెట్టుకున్న పని. దాన్ని దాచుకోనివ్వకపోవడం నా దృష్టిలో తప్పే.

తొషియో ఇవాయి చరిత్ర అంతా మొదటి పేరాలో గుమ్మరించావు. ఎలక్ట్రోప్లాంక్టన్ చేసింది మీడియా ఆర్టిస్టు అని, 1987లో నింటెండో పాత మెషీన్ ఫ్యామికామ్ డిస్క్ సిస్టమ్‌కి ఒటాకీ అనే ఆట చేశాడని, 1996లో సిమ్‌ట్యూన్స్, తర్వాత యమహాతో కలిసి టెనోరీ-ఆన్. అన్నీ నిజమే, కానీ అక్కడ పెడితే ఎవరికీ పట్టవు. టెనోరీ-ఆన్‌ని మాత్రం లుమినేరియా పక్కకి తెచ్చుకో. 2007లో అమ్మకానికి వచ్చిన ఆ వాయిద్యంలో పదహారు వరసలు, వరసకి పదహారు వెలిగే బటన్లు. ఆటలో గళ్లు పరిచి స్వరాల్ని వాటి మీద నడిపించినవాడే, మూడేళ్లు తిరక్కముందే చేత పట్టుకునే వాయిద్యంలో కూడా గళ్లు పరిచాడు. ఇప్పుడు ఆ సమాచారానికి పని దొరికింది కదా.

గేమ్ బాయ్ అనే పాత చేతి మెషీన్ మీద వచ్చిన, పాటలు కట్టుకునే నానోలూప్, ఎల్‌ఎస్‌డీజే సంగతి చివర్లో ఒక పేరా కలిపావు. నాకూ అవంటే ఇష్టం, కానీ ఇక్కడ వద్దు. అక్కడ తాకే తెర లేదు, బటన్లే. శబ్దానికి నాలుగు చానళ్లే. ఇబ్బందే వేరు కాబట్టి జవాబులూ వేరు. అది ఇంకో వ్యాసం, రాస్తే సంతోషంగా చదువుతాను.

భాష గురించి ఒక్క సంగతి. 'మధురమైన', 'మంత్రముగ్ధుల్ని చేసే', 'అద్భుతమైన ధ్వని ప్రపంచం' లాంటివన్నీ కొట్టేశాను, చూసుకో. శబ్దాన్ని విశేషణంతో వర్ణించబోతే ప్రతి ఆటా ఒకేలా వినిపిస్తుంది. ఏది దేనికి తగిలితే పలికిందో, పలికాక ఎంతసేపు నిలిచిందో, దాని మీద ఇంకోటి ఎప్పుడొచ్చి పడిందో రాస్తే పాఠకుడి చెవికి అదే అందుతుంది. డీఎస్-10 శబ్దాన్ని నువ్వు ఒకచోట 'తుప్పు పట్టిన తలుపు' అన్నావు, అది ఉంచు. నీ మొత్తం వ్యాసంలో నాకు వినబడిన శబ్దం అదొక్కటే.

ఇవి ఆటలా కాదా అన్న చర్చకి నువ్వు ఒక పేజీ కేటాయించావు. ఆ పేజీ పోయినా ఎవరూ వెతకరు.

వ్యాసంతో పాటు శబ్దపు ముక్కలు కూడా పెడతానన్నావు. డీఎస్ స్పీకర్ల ముందు ఫోన్ పెట్టి రికార్డు చెయ్యకు. ఆ చిన్న స్పీకర్లలో బాస్ వినపడదు, డీఎస్-10కి అన్యాయం జరుగుతుంది. హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి వైరుతో నేరుగా తీసుకో. హనెన్‌బో ముక్క మరీ పొట్టిగా కత్తిరించకు. ఆకు వంచకముందు పాట కొంచెంసేపు నడవనిచ్చి, తర్వాత వంచి, మారాక కూడా కొంచెంసేపు ఉంచు. గ్లీ క్లబ్‌కి శబ్దం ఒక్కటే సరిపోదు, స్టైలస్ పట్టుకున్న చెయ్యి కనబడేలా వీడియో తియ్యి. సవరించిన ప్రతిలో డీఎస్-10 భాగం ముందు రాసి అది ఒక్కటే పంపినా ఫర్వాలేదు, మిగతాది తర్వాత చూద్దాం.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి